పడవ వాకిట్లో ముగ్గు

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పడవ ఊపుకి నిఖితకు కడుపులో తిప్పేది. ఇప్పుడా ఊపు లేకపోతే నిద్రే పట్టదు. పొద్దున్నే కళ్లు తెరవకుండానే ఆమెకు బయటి సంగతులన్నీ తెలిసిపోతాయి. తెరచాప తాడు స్తంభానికి తగిలి గాజుల్లా మోగితే గాలి లేచినట్టు. లంగరు గొలుసు గర్రుమంటే పోటు తిరిగినట్టు. నీళ్ల మీద పడ్డ ఎండ గుండ్రటి కిటికీలోంచి దూరి పైకప్పు మీద వణుకుతుంటే, అనంతపురం జిల్లాలో పుట్టిన పిల్లకు ఇంత భాగ్యమా అని ఆమెకు రోజూ కొత్తగా నవ్వొస్తుంది.

ఆ అండమాన్ రేవులో వాళ్ల ఇల్లంతా ఆ పడవే. దాని యజమాని చెన్నైలో ఉంటాడు. సాయంత్రాలు యాత్రికులను ఎక్కించుకుని, తెరచాప ఎత్తి, పొద్దుగుంకేదాకా తిప్పి తేవడం ఆమె భర్త సుమంత్ ఉద్యోగం. గుంతకల్లులో రైళ్ల కూతల మధ్య పెరిగినవాడు సముద్రంలో ఎలా పడ్డాడో అతనికే తెలియదు. పడవ ఎటు ఒరిగినా తాను మాత్రం ఒరగని ఊగే స్టవ్వు, రేకు డబ్బాలో మొలిచిన కొత్తిమీర, పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు నిఖిత ఆస్తులు.

ఆ రోజు మాత్రం తాడు మోతకు ముందే నెత్తిమీద చీపురు చప్పుడు వినిపించింది. వెనకే జలజలా నీళ్లు.

నిఖిత గబుక్కున లేచి, నాలుగు మెట్లెక్కి తల బయట పెట్టింది.

డెక్కంతా అద్దంలా కడిగి ఉంది. తాడు మీద రెండు చీరలు ఆరుతున్నాయి. తలంటుకున్న జుట్టు ముడేసుకుని, కూతుర్ని చూడటానికి ధర్మవరంనుంచి వచ్చిన తల్లి వరలక్ష్మమ్మ మెట్ల ముందు కూర్చుని చుక్కల ముగ్గు పెడుతోంది. పక్కన ట్యాంకు నీళ్ల పైపు ఇంకా బొట్లు బొట్లుగా కారుతోంది.

"లేచినావా? ఇంతసేపు పండుకుంటే ఇల్లు ఎట్ల సాగుతాదే?" అంది వరలక్ష్మమ్మ మురిపెంగా. "వచ్చినప్పటినుంచి చూస్తాండా, ఒక్క దినమన్నా వాకిలి కడిగినావా? అప్పా, ఎన్ని నీళ్లు! మనసు చల్లగయింది."

నిఖిత కిందికి పరుగెత్తింది. ట్యాంకు ముల్లు అడుగుకు ఆనుకుని ఉంది. జెట్టీ దగ్గర మళ్లీ నీళ్లు ఇచ్చేది మర్నాడే. ఆమె నోట్లోంచి మాట తనకు తెలియకుండానే బయటపడింది.

"అమ్మా! ట్యాంకంతా ఖాళీ చేసినావు కదే! నీళ్లేమన్నా ఊరికే వస్తాండాయా?"

ఆ మాట వరలక్ష్మమ్మది. ధర్మవరంలో ఆమె ఎన్ని వేసవుల పాటు కూతుర్ని అదే మాటతో తిట్టిందో లెక్కలేదు. ముగ్గు చేతిలోనే ఆగిపోయింది.

"సముద్రం నడిమిట్ల కూచోని నీళ్లు లేవంటావేమే?"

"అవి తాగేవి కావమ్మా. తాగేవి క్యాన్లతో మోసుకొని రావల్ల."

"మరి ఫోన్లో నీళ్లకేం తక్కువ లేదంటివే?"

నిఖిత తల వంచుకుంది. చిన్నప్పుడు ట్యాంకర్ ముందు బిందెలు పెట్టుకుని నిలబడినప్పుడల్లా అమ్మ ఒకటే అనేది: నిన్ను నీళ్లుండే చోటికే ఇస్తా, కడుపునిండా నీళ్లు పోసుకుందువు. పెళ్లయి సముద్రం మీదికి పోతోందంటే నాయన బదరీనారాయణ చీరల అంగడిలో గొణుక్కున్నాడు గానీ, అమ్మ మాత్రం వీధంతా చెప్పుకుని మురిసింది. ఆ మురిపెం చెరపడానికి నిఖితకు నోరు రాలేదు.

"అట్లయితే నాకు దినామూ రెండు బకెట్లు తోడిస్తివే, నువ్వేం పోసుకుంటివి?"

"ఉప్పునీళ్లు. కడాన ఒక చెంబు మంచినీళ్లు."

వరలక్ష్మమ్మ కడిగిన డెక్కు మీదే కూలబడింది. కళ్లనిండా నీళ్లు.

"బిందెలు మోసి మోసి నా నడుము ఇరిగింది. నా బిడ్డకు ఆ గతి వద్దనుకుంటి. మళ్లా చెంబుతో కొలుచుకొని బతకల్లనా? పెట్టె సర్దు. అంగడి మీద మిద్దెలో ఉందురు. పా, పోదాం."

అలికిడికి లేచి వచ్చిన సుమంత్ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. "తప్పు నాదే అత్తా. నేనన్నా చెప్పల్సింది."

"నువ్వుండు నాయనా. నా బిడ్డతో మాట్లాడతాండా."

"నేను రానమ్మా," అంది నిఖిత. "మొదటి దినం ఈయన భయపడినాడు, ఇంత కొంచెం నీళ్లతో ఎట్లుంటానో అని. నేను ఒక్క చెంబుతో గిన్నెలన్నీ తొలిచి, అవే నీళ్లు కొత్తిమీరకు పోసినా. నోరు తెరుచుకొని చూసినాడు. నువ్వు నేర్పిన పని నాకు కష్టమెట్లయితాది? నేనిక్కడ సంతోషంగా ఉండానమ్మా. నీతో అబద్ధం చెప్పిందొక్కటే కష్టం."

"నిజం అత్తా," అన్నాడు సుమంత్. "అంతకు ముందు నేనొక్కణ్ణే వాడినన్ని నీళ్లు, ఇప్పుడు ఇద్దరికి సరిపోతాండాయి. రేవులో అందరూ అడుగుతాండారు, ఎట్ల చేస్తారప్పా అని."

వరలక్ష్మమ్మ ముక్కు చీదింది. "నా బిడ్డంటే ఏమనుకున్నారు?" అంది కోపంగానే. కానీ పెట్టె మాట మాత్రం వదల్లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నానని మొగుడికి ఫోను కూడా చేసి, మధ్యాహ్నం దాకా ముగ్గు వంక చూస్తూ కూర్చుంది.

అప్పుడు కొండల వెనకనుంచి మబ్బు దిగింది. సముద్రం రంగు మారింది. గాలిలో తడి వాసన తగిలిందో లేదో, వరలక్ష్మమ్మ ఎగిరి లేచింది.

"వానొస్తాండాది! బిందెలు పెట్టండే!"

కుక్కరు, గిన్నెలు, మూతలు, కాఫీ గ్లాసులు, అన్నీ డెక్కెక్కాయి. సుమంత్ ఎండకు కట్టిన గుడ్డ పందిరిని వంచి ట్యాంకు మూతి వైపు వాలుగా కట్టాడు. "కొంచేపు ఆగత్తా. మొదటి నీళ్లు గుడ్డకు పట్టిన ఉప్పు కడుక్కొని పోనీ."

"ఆగేదేమి? పోతాండాయప్పా నీళ్లు!" అని ఆమె రెండు చేతులూ దోసిలిపట్టింది. పొద్దున పెట్టిన ముగ్గు తెల్లటి పాలలా కరిగి సముద్రంలోకి జారిపోయింది. ముగ్గురూ ముద్దగా తడిసి, ఒకరిని చూసి ఒకరు నవ్వుతున్నారు.

ఫోను మోగింది. ధర్మవరంనుంచి బదరీనారాయణ.

"ఏమే, పిల్లోళ్లను పిలుచుకొని వస్తాండావా?"

"యాడికి? ఈడ వాన పడతాండాది. బిందెలు నిండుతాండాయి. పెట్టెయ్ ఫోను!"

వాన వెలిసేసరికి ట్యాంకు పొర్లుతోంది. గిన్నెల్లో, గ్లాసుల్లో చిన్న చిన్న ఆకాశాలు ఊగుతున్నాయి. వరలక్ష్మమ్మ నూనె గిన్నె తెచ్చి, కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, తలకు బాగా మర్దనా చేసింది. తర్వాత ఇత్తడి చెంబు అందుకుంది.

ఒక చెంబు పోసింది. ఇంకొకటి. మళ్లీ ఇంకొకటి.

"చాలమ్మా," అంది నిఖిత అలవాటుగా.

"నోర్మూసుకొని కూచో," అంది వరలక్ష్మమ్మ. చెంబు ముంచుతూనే ఉంది, పోస్తూనే ఉంది. కళ్లు గట్టిగా మూసుకున్న నిఖితకు చెంపల మీద జారేవి ఏ నీళ్లో తెలియలేదు. ఆమె లెక్కపెట్టనూ లేదు.