నల్లశిల నవ్వింది

మిట్టమధ్యాహ్నం! అయినా సూర్యుడు చచ్చినట్టే ఉన్నాడు... కాటుక మేఘాలు పర్వతశిఖరాలను మింగేశాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా గని సొరంగం మూలుగుతోంది. వేళకాని వేళ మేల్కొన్న గుడ్లగూబ ఒకటి సొరంగం నోట కూర్చుని వికృతంగా అరిచింది!

లోపల, కపాలం ముందు కూర్చున్నాడు మాంత్రికుడు. మహామాంత్రికుడినని తనే చెప్పుకునేవాడు. మరొకరు అనగా విన్నవారు లేరు. అతడి వెనుక చేతులు కట్టుకుని గని యజమాని! గనిలోని మాంగనీస్ ఖనిజపు పొర ఉన్నట్టుండి మాయమైంది. దానితోపాటే ఆయన బుద్ధీ మాయమైంది.

ఆ గనిలో భూగర్భ శాస్త్రవేత్త ఆయన సొంత మేనకోడలే.

"మామయ్యా, ఖనిజం ఎక్కడికీ పోలేదు. కొండతోపాటు పొర కూడా మడతపడింది, అంతే. అవతలి వాలులో తవ్వుదాం" అని మొత్తుకుంది.

"నోర్మూసుకో! చదువుకున్నదానివి, క్షుద్రశక్తుల సంగతి నీకేం తెలుసు?" అన్నాడా మహానుభావుడు.

ఖనిజం జాడ పలకడానికి ఒక స్త్రీ దేహం కావాలన్నాడు మాంత్రికుడు. మామయ్య మేనకోడలినే అప్పగించాడు! ఇప్పుడామె రక్తమండలం మధ్య, తాళ్ల బంధనంలో...

"పిశాచీ! ఈమెను ఆవహించు! చెప్పు... ఖనిజం ఎక్కడ?"

ఆమె దేహం విల్లులా వంగింది. కనుగుడ్లు నల్లబడ్డాయి. కానీ వచ్చింది అతడి బక్కపిశాచం కాదు... ఆ పర్వతంలో నిద్రిస్తున్న ఆదిమ మహాశక్తి, నల్లశిల!

"ఎవడ్రా నన్ను లేపింది?"

"నే... నేనే! ఇది నా ఆజ్ఞ!"

ఆమె నోట నల్లశిల పకపకా నవ్వింది!

"ఆజ్ఞా? నేను సముద్రగర్భంలో బురదనై పడున్నప్పుడు నీ జాతే పుట్టలేదు. అగ్నిలో ఉడికాను, కొండల కింద నలిగాను, శిలనయ్యాను. పుర్రె పట్టుకొచ్చి నన్ను బెదిరిస్తావురా, పురుగా!"

ఆమె ముక్కులోంచి రక్తం ధారకట్టింది. మామయ్య మాంత్రికుడి భుజం పట్టుకుని కుదిపాడు.

"స్వామీ, ఆపండి! పిల్ల చచ్చిపోతోంది!"

"చస్తే చావనీ!"

ఆ మాటతో ఆయనకు తెలివొచ్చింది. మండలంలోకి దూకి, తాళ్లు తెంచి, ఆమెను బయటికి లాగాడు. మరుక్షణం... అభ్రకం మెరిసే షిస్టు రాతిగోడ పలకలు పలకలుగా విచ్చుకుంది! కపాలం పిండైంది! మాంత్రికుడి పాదాలనుంచి నల్లని రేఖలు చర్మం కింద నాచుకొమ్మల్లా పాకాయి... మోకాళ్లు... నడుము... కంఠం!

"అమ్మా... కాపాడ..."

ఆర్తనాదం సగంలోనే రాయైపోయింది.

ధూళి అణిగింది. మేనకోడలు దగ్గుతూ కళ్లు తెరిచింది. ఆ కళ్లు మళ్లీ తెల్లబడ్డాయి. మామయ్య ఆమె చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే, పాడు అలవాటు, ఆ నల్లని ఆకారంవైపు ఓరగా చూశాడు.

"అది... మాంగనీసేనా తల్లీ?"

ఆమె దాన్నుంచి రాలిన పెళ్లను వేళ్ల మధ్య నలిపి, ఊదేసింది.

"పైపూత మామయ్యా. లోపలంతా చెత్తరాయి. పద, బయటికి."