తొమ్మిదో గేజి

గోదావరిఖని పక్కన, మూతపడ్డ బొగ్గుబాయి ఒడ్డుమీద వాన లెక్కల గది ఉండేదట. పొద్దుగూకితే అటు ఎవ్వలు పోయేటోళ్లు కాదు. బాయిల నీళ్లు సొచ్చి సచ్చిపోయిన గట్టయ్య — ఇంకా అక్కడ వాన కొలుస్తున్నడని దానికి పేరు.

డెబ్బైతొమ్మిదిల ఆ గదిలనే కంప్యూటర్ పెట్టిండ్రు. ఏ గేజిల ఎంత వాన పడ్డదో కార్డుల మీద బెజ్జాలు కొట్టి ఇస్తే, ఏ గనిల ఎన్ని పంపులు నడపాలెనో అది చెప్పేది. దాన్ని నడిపేటందుకు రెండు సిస్టంలు వచ్చినయి. ఒకటి, మనిషి ఒప్పుకున్న కార్డునే చదివేది. రెండోది, పెట్టెల ఏది పెడితే అది తనంతట తనే చదివేది. రెండూ నడిపి చూసి, ఏది ఉంచాలెనో రాయుమని ఆపరేటర్ కుతుబుద్దీన్‌కు చెప్పిండ్రు.

మొదటిది సక్కగనే నడిచింది. రెండోది పెట్టినకాన్నుంచి... రోజూ తెల్లారేసరికి కాయితం మీద ఒక లైను ఎక్కువ.

గేజి 9 — ఏడు అంగుళాలు.

ఉన్నయి ఎనిమిది గేజిలే. ఆకాశంల మబ్బు తునక లేదు. అంగుళాలల్ల కొలుసుడు ఎప్పుడో బందయ్యింది.

"తొమ్మిదోది గట్టయ్య కొలిచేది సాబ్," వాచ్‌మన్ మొగిలి గుసగుసగ అన్నడు. "ఆయన పోయినంక పీకేసిండ్రు."

కుతుబుద్దీన్‌కు మొగిలి మీదనే అనుమానం. తాళంచెవులు వాని దగ్గరనే ఉంటయి. ఈ తప్పుడు లైనును నమ్మి పంపులన్నీ ఒక్క గనికే పంపితే, ఇంకో గనిల మునిగేది మనుషులు. ఆ రాత్రి ఎవ్వలకు చెప్పకుండ బీరువా ఎనక కూసున్నడు.

రెండయ్యింది. తలుపు కిర్రుమన్నది... గాజుల సప్పుడు... కార్డుల పెట్టె కదిలింది.

టార్చి ఏసిండు.

పోశవ్వ. గది ఊడ్చే ముసలామె. గట్టయ్య పెండ్లాం. చేతిల ఒక కార్డు.

"కార్డులు కొట్టే రబియా బీని బతిమిలాడి కొట్టిచ్చుకున్న. ఆ పిల్లనేం అనకు బిడ్డా."

"ఎందుకవ్వ?"

"బాయిల నీళ్లు సొచ్చిన రాత్రి, ఏడు అంగుళాలు పడ్డదని, మనుషులను పైకి తియ్యుండ్రని మా ఆయన చీటీ రాసిచ్చిండు. అప్పటి పెద్దసాబు సూడకనే పక్కకు పెట్టిండు. మా ఆయనే బాయిల దిగి పదకొండు మందిని పైకి తోలిండు... తను రాలే." కొంగుతోని మూతి తుడుసుకుంది. "మనుషులు సదువలే. ఇదన్న సదువుతదేమోనని."

కుతుబుద్దీన్ ఆమె చేతిల కార్డు తీసుకొని తనే పెట్టెల పెట్టిండు. మిషను టకటకమన్నది. ఆ లైను చింపి ఆమె చేతిల పెట్టిండు.

"ఏమున్నది బిడ్డా?"

సదివి వినిపిచ్చిండు. ఆమె ఇంకోసారి సదువుమన్నది. మళ్ల సదివిండు.

"ఇంక కార్డు పెట్ట బిడ్డా," అన్నది.

రెండో సిస్టమే ఉంచుమని తెల్లారి రిపోర్టు రాసిండు. కారణమేందని పైనోళ్లు అడిగితే —

"అది దేన్నీ పక్కకు పెట్టది సార్," అన్నడట.