పైడమ్మ కోక

మలేసియాలోని క్లాంగ్‌లో సినిమా మధ్యాహ్నం ఆట. హాల్లో సగం మంది సుంగై సుమున్ తోట తెలుగువాళ్లే. ఇండియావాళ్లు తమ తోటలోనే తీసిన విషాద ప్రేమకథ అని ఏడవడానికి సిద్ధపడి వచ్చారు. ఎర్రమ్మ మాత్రం కొడుకు శంకర్ పక్కన పళ్లు బిగించి కూర్చుంది.

ముందు వరసలో మెడలో దండతో అప్పలసామి. ఒకప్పుడు తోట కూలీల మీద పెత్తనం చేసిన మండోరు. ఎర్రమ్మ అక్క పైడమ్మా తానూ ప్రేమించుకున్నామని, కలిసి కాలువలో దూకితే తానొక్కడే మిగిలానని సినిమావాళ్లకి చెప్పింది అతడే.

పచ్చి అబద్ధం. అక్క వాణ్ణి కాదంది. వాడు ఆమె తల నీళ్లలో అదిమిపట్టాడు. చిన్నపిల్ల ఎర్రమ్మ గట్టు మీంచి చూసింది, ఇంట్లో చెప్పింది. మండోరుతో తగువెందుకని తండ్రి నోరు మూయించాడు. ఇప్పుడు చంపినవాడికే దండ, చప్పట్లు.

పెళ్లికాకుండా పోయిన పిల్లకి ఏటా దీపం ముందు కోక పెట్టి, పెట్టెలో దాచడం వాళ్లింటి ఆచారం. దాన్ని ఎవరూ కట్టకూడదు. తెర మీద హీరోయిన్ కట్టుకున్నది ఆ కోకే.

“అక్క కోక ఎందుకిచ్చినావురా?” ఎర్రమ్మ గొంతు తగ్గించి అడిగింది.

“అడిగినారు, ఇచ్చినాను. కడితే ఏటైపోద్ది? సినిమాకే గదా.”

చివరి ఘట్టం. ప్రేమికులిద్దరూ చేయీ చేయీ పట్టుకుని దూకారు. హాలంతా వెక్కిళ్లు. అప్పుడే ఎర్రమ్మకి వాసన తగిలింది. బురద... పాచి... తడిసిన గుడ్డ.

ఎక్కడో నీటిచుక్క పడింది. మరొకటి...

అప్పలసామి పక్కన ఖాళీగా, మడిచి ఉన్న కుర్చీ మెల్లగా కిందికి దిగింది. ఎవరో కూర్చున్నట్టు. కానీ ఎవరూ లేరు.

అతడు దగ్గాడు. మళ్లీ దగ్గాడు. తర్వాత దగ్గలేదు.

దీపాలు వెలిగాయి. శంకర్ వెళ్లి భుజం తట్టగానే తల వాలిపోయింది. నోట్లోంచి బురదనీళ్లు దండ మీదికి కారాయి.

పైడమ్మని తలుచుకునే అతడి గుండె ఆగిపోయింది, ఎంత ప్రేమో అని జనం కళ్లు తుడుచుకున్నారు. ఎర్రమ్మ ఒళ్లు మండిపోయింది.

“పేమ కాదు. వాడే మా అక్కని సంపినాడు.”

అందరూ శంకర్ వైపు చూశారు. వాడు నవ్వాడు.

“అమ్మకి మతి తప్పింది. పట్టించుకోకండి.”

ఎర్రమ్మ సంచి తీసుకుని బయటికి నడిచింది. వెళ్లి కారు వెనక సీట్లో కూర్చుంది. శంకర్ బండి తీశాడు. వాడి పక్క సీటు ఖాళీ. అయినా బెల్టు పెట్టుకోమనే గంట మోగడం మొదలైంది.

శంకర్ తన బెల్టు చూసుకున్నాడు. పెట్టుకునే ఉన్నాడు.

“అమ్మా... నీ సంచి ముందు పెట్టినావా?”

“నా ఒళ్లోనే ఉంది.”

గంట మోగుతూనే ఉంది. ఊరికి కాలువగట్టు మీదుగానే పోవాలి. కారు నిండా పాచి వాసన...

పక్క సీట్లో బెల్టు దానంతటదే టక్కున బిగుసుకుంది.

గంట ఆగిపోయింది.