ముప్పై రెండంగుళాల పెళ్ళికొడుకు

కొత్త టీవీకి చోటు చాలక యలమంద కన్నతల్లిని ఇంట్లోంచి వెళ్ళగొట్టాడని ఎదురింటి కోటిరత్నం చెప్పిందట. నీళ్ళ ప్లాంటు దగ్గర టిన్నులు నింపుకునే ఆడవాళ్ళతో చెప్పింది. వాళ్ళు టిన్నుతో పాటు ఆ మాటనీ ఇళ్ళకి మోసుకెళ్ళారు. సాయంత్రానికల్లా అది ఊరు దాటి, కల్లాల్లో మిరపకాయలు ఏరే కూలీల దాకా పోయింది.

"పాపం పేరమ్మత్త. ఎనభై దగ్గరపడ్డ మనిషి. రోజూ ఏడు గంటలయ్యేసరికి ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటా వచ్చి, మా అరుగు మీద కూచుని తన ఇంటి వంకే చూస్తా ఉంటది. ఏందత్తా అంటే పలకదు. కళ్ళు మాత్రం తుడుచుకుంటది" అందట.

కుర్చీ మోసుకెళ్ళడం నిజం. పలకకపోవడం నిజం. కళ్ళు తుడుచుకోవడమూ నిజమే. కాకపోతే పేరమ్మ చూసేది ఇంటిని కాదు, వీధి తలుపులోంచి కనపడే టీవీని. అందులో వచ్చే సీరియల్ హీరోయిన్ కష్టాలకే ఆవిడ కన్నీళ్ళు.

సొంత టీవీని రోడ్డుకి అవతల కూర్చుని ఎందుకు చూడాల్సొచ్చిందో తెలియాలంటే రెండు నెలలు వెనక్కి, గుంటూరు బ్రాడీపేటకి వెళ్ళాలి.

ఆ రోజు మిర్చి యార్డులో కాయలకి మంచి ధర పలికింది. ఆ సంతోషంలో యలమంద చొక్కా కూడా మార్చకుండా టీవీల షాపులోకి నడిచాడు. కూతురు శ్రీదివ్య అదే వీధిలో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. క్లాసు లేని గంట చూసుకుని తనూ వచ్చింది.

గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకటే చిలక. దాని ముక్కు మీద నీటిచుక్కలో ఆకాశం కూడా కనపడుతోంది.

"ఇది కట్టు" అన్నాడు యలమంద, యాభై అయిదు అంగుళాల దాని ముందు నిలబడి.

షాపులో పనిచేసే కుర్రాడు రాఘవ కదల్లేదు. "ఇంట్లో ఎవరు చూస్తారు సార్? ఏం చూస్తారు?"

"మా అమ్మ. ఊరి కేబుల్లో సీరియళ్ళు."

"ఎంత దూరంలో కూచుంటారు?"

"ఆరడుగులు. ఏంది, కళ్ళ డాక్టర్‌లాగా ఇన్ని అడుగుతున్నావు?"

"అయితే ముప్పై రెండు తీసుకోండి సార్. మీ కేబుల్లో వచ్చేది పాత రకం బొమ్మ, ఎస్‌డీ అంటారు. దాంట్లో ఉన్న సరుకే తక్కువ. చిన్న అద్దంలో ఒద్దికగా ఉంటుంది. ఇంత పెద్దదాంట్లో పరిస్తే పలచబడిపోతుంది."

యలమంద మొహం ఎర్రబడింది. "నన్ను చూస్తే నీకు ముప్పై రెండంగుళాల మనిషిలా కనపడతన్నానా?"

శ్రీదివ్య కూడా ఊరుకోలేదు. "అందరికీ ఇలాగే చెబుతారా, చొక్కా మీద కారం దుమ్ము ఉన్నవాళ్ళకేనా?"

"మా నాన్న యార్డులో హమాలీ అండీ. కారం దుమ్ము లేని చొక్కా మా ఇంట్లో లేదు" అన్నాడు రాఘవ మెల్లిగా.

ఆమెకి తుమ్మొచ్చింది. ఈలోపు యజమాని రామమూర్తి పరుగున వచ్చి, రాఘవని గోడౌన్లోకి తోలి, పెద్ద టీవీ ప్యాక్ చేయించాడు.

షాపువాళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన చిలక ఇంటికొచ్చాక కూడా అద్భుతంగా ఉంది. వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళింది. అసలు సంగతి కేబుల్ పెట్టాక తెలిసింది.

"ఈ పిల్ల మొహానికేమైంది? పసుపు రాసుకుని కడుక్కోవడం మర్చిపోయిందా?" అంది పేరమ్మ.

కుర్చీ వెనక్కి జరిపింది. గోడ అడ్డమొచ్చింది. వసారాలోకి మారింది, తర్వాత గేటు దాకా పోయింది. చివరికి రోడ్డు దాటి కోటిరత్నం అరుగు ఎక్కితేగానీ హీరోయిన్ మొహం మొహంలా కనపడలేదు.

శ్రీదివ్య మళ్ళీ షాపుకి వెళ్ళింది. "మీరే గెలిచారు. చాలా?"

"నేనేం పందెం కాయలేదండీ. నాయనమ్మగారు ఎక్కడ కూచుంటున్నారు?"

"ఎదురింటి అరుగు మీద."

రాఘవ నవ్వలేదు. కళ్ళు మూసుకుని లెక్కేశాడు. "రోడ్డుతో కలిపి ముప్పై అడుగులుంటుందా? అయితే బాగానే కనపడుతుంది."

నవ్వింది ఆమే.

ఆ వచ్చే ఆదివారం సాయంత్రం అతను బండి వేసుకుని ఊరికొచ్చాడు. రంగులు తగ్గించాడు, మెరుపు తగ్గించాడు. బొమ్మ కాస్త కుదుటపడింది గానీ ముసలావిడ అరుగు దిగలేదు. రెండో ఆదివారం మొహాలు పూరీల్లా సాగకుండా సైజు సరిచేశాడు. బొమ్మకి అటూ ఇటూ నల్లటి పట్టీలు వచ్చాయి.

"ఈ నలుపేంది? నేను కొన్నది మొత్తం అద్దం" అని యలమంద మళ్ళీ సాగదీయించాడు.

మూడో ఆదివారం, సరిగ్గా సీరియల్ మొదలయ్యే వేళకి, కాలం కాని కాలంలో వాన దిగింది. ఇంటి పక్కన ఎకరం కాయ ఆరబోసి ఉంది. యలమంద ఊళ్ళో లేడు. శ్రీదివ్య కాయల మీద కప్పే పట్టా లాక్కుంటూ పరిగెత్తింది. రాఘవ చేతిలో స్క్రూడ్రైవర్ అక్కడే పడేసి రెండో కొస అందుకున్నాడు.

గాలికి పట్టా గుర్రంలా ఎగిరింది. అతను పడ్డాడు, లేచాడు, మళ్ళీ పట్టుకున్నాడు. నాలుగు మూలలా రాళ్ళు పెట్టేసరికి ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు.

"టీవీ సరిచెయ్యడానికొచ్చి కూలి పని చేశారు" అంది ఆమె.

"కాయ తడిస్తే ఏమవుద్దో నాకు తెలీదా అండీ. మా అమ్మ పదిహేనేళ్ళు కల్లాల్లో రంగు పోయిన తాలు కాయలు ఏరింది."

వాన వెలిసేదాకా ఇద్దరూ వసారాలోనే ఉన్నారు. అతను చొక్కా పిండుకున్నాడు, ఆమె జడ పిండుకుంది. వాన త్వరగా వెలిసిందనిపించింది ఇద్దరికీ.

నాలుగో ఆదివారం ఉత్త చేతులతో వచ్చాడు.

"ఈ వారం ఏం సరిచేస్తారు?"

"రిమోట్లో బ్యాటరీలు."

"పోయిన వారమేగా వేసింది?"

"సరిగ్గా వేశానో లేదోనని."

ఇంకో నెల గడిచింది. ఆ నెలలో బ్యాటరీలు మూడుసార్లు మారాయి. ఇక దాచడం అనవసరమని శ్రీదివ్య తండ్రితో చెప్పేసింది, ఆ అబ్బాయినే చేసుకుంటానని.

అసలే తల్లిని తరిమేశాడన్న మాటకి టీ కొట్టు వైపు వెళ్ళలేకపోతున్నాడు యలమంద. "నన్ను ముప్పై రెండంగుళాలని కొలిచినోడికి పిల్లనియ్యాలా? జరగదు. షాపులో ఆ చిన్నదాంట్లో కూడా అదే చిలక ఉంది. పెద్దదాంట్లోనే బాగుంది. నా కళ్ళతో నేను చూశా."

"నాన్నా, యార్డులో వ్యాపారి నీ బస్తా పైకాయ చూసి ధర చెబుతాడా?"

"పైకాయా? మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగుకాయ లాగుతాడు. ఒక్క తాలు కాయ కనపడితే ధర కోస్తాడు."

"మరి నువ్వెందుకు పైకాయ చూసి కొన్నావు? ఆ చిలక పైకాయ. నాయనమ్మ సీరియల్ అడుగుకాయ. నీకు అడుగుకాయ గురించి చెప్పినవాడు అతనొక్కడే."

యలమంద భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు, మళ్ళీ వేసుకున్నాడు. "సరే. ఆ చిన్నది తెమ్మను. ఆదివారం రెండూ పక్కపక్కన పెట్టి అడుగుకాయే లాగుదాం. మా అమ్మ పెద్దదాని ముందు కూచుంటే వాడు మళ్ళీ ఈ వీధిలో కనపడకూడదు."

"చిన్నదాని ముందు కూచుంటే?"

"కూచోనీ ముందు."

రాఘవ తన ఇంట్లో టీవీనే విప్పి తెచ్చాడు. రెండోదానికి కేబుల్ డబ్బా కావాలంటే కోటిరత్నం తన ఇంట్లోది పీకి తెచ్చింది. ఇంత దగ్గర్నుంచి చూసే అవకాశం ఆమె వదులుకునే మనిషి కాదు. వెనకాలే వీధంతా వచ్చింది.

రెండు టీవీల్లోనూ ఒకే సీరియల్. పేరమ్మ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి, నేరుగా పెద్దదాని ముందు వేసుకుని కూర్చుంది.

"నా కొడుకు కొన్నది" అంది.

యలమంద మీసం మీద చెయ్యి పోయింది. రాఘవ నేల చూశాడు. శ్రీదివ్య కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ ఉంది, ఎన్ని చుట్లు చుట్టిందో ఆమెకే తెలియలేదు.

పేరమ్మ కళ్ళు చిట్లించింది. తల ఒక పక్కకి వంచింది, ఇంకో పక్కకి వంచింది. పక్కనున్న చిన్నదాని వంక ఓరగా చూసింది. కాసేపటికి కుర్చీ గీరుకుంటూ ఆరడుగులు జరిగింది.

"ఓసినీ, ఈ పిల్లకి గడ్డం కింద పుట్టుమచ్చ ఉందే" అంది. ఇంకొంచెం ముందుకి వంగింది. "ఏడుపంతా ఉత్తిదే. కంట్లో చుక్క నీళ్ళు లేవు. రెండు నెలలు దీనికోసం నేను ఏడ్చా."

వీధంతా ఒక్కసారి నవ్వింది. రాఘవ తలెత్తి, అందరి ముందూ, మొదటిసారి శ్రీదివ్యని తనివితీరా చూశాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు.

"అయితే అత్తా, మా అరుగు మీద నువ్వు..." అని నసిగింది కోటిరత్నం.

"టీవీ చూస్తన్నానే. సీరియల్ అయ్యాక అడిగితే చెప్పేదాన్ని."

యలమంద గొంతు సవరించుకున్నాడు. "ఏమయ్యా రాఘవా, మరి ఈ పెద్దదాన్నేం చెయ్యమంటావు?"

"ఉంచండి. ఊరికి మంచి బొమ్మ వచ్చిన రోజున దీన్ని మించింది ఉండదు. తొందరపడి కొన్నారు గానీ తప్పుడు సరుకు కొనలేదండీ."

ఆ మాట యలమందకి నచ్చింది. నచ్చినట్టు కనపడకూడదని తల్లి దగ్గరికి వెళ్ళి, చిన్న టీవీ ముందు నిలబడి గొంతు తగ్గించాడు. "కుర్రాడు మంచోడేలే అమ్మా. కానీ ఊళ్ళో ఏమంటారు? టీవీ బాగుచెయ్యడానికొచ్చినోడికి పిల్లనిచ్చాడంటారు."

గొంతు తగ్గించినా అందరికీ వినపడింది. పేరమ్మకీ వినపడింది. ఆవిడ తల పక్కకి వంచి, కొడుకు నడుం పక్కనించి సీరియల్ చూస్తూనే అంది:

"తల్లిని తరిమేశాడన్నారు, బతికే ఉన్నావుగా. వానొచ్చిన రోజు అరుగు మీంచి నేను చూసింది సీరియల్ కాదు, వీళ్ళిద్దర్నే. రేపే వాళ్ళ నాన్నకి కబురు పెట్టు. ఇప్పుడు అడ్డం లే."