చెయ్యెత్తితే ఆగాలి

ఉదయం ఏడుంపావు. తీరంలో ఇసుక దిబ్బ కింద, గడ్డి దుబ్బుల వెనక, శవం బోర్లా పడి ఉంది. నుదుట గాయం. పక్కనే రాయి.

పోయినాయన రిటైరైన సైన్సు మాస్టారు. వలస పక్షులు దిగే ఈ రోజుల్లో ఏటా జనాన్ని వెంటబెట్టుకుని పిట్టల్ని చూపిస్తాడు. ఇవాళ వెనక ఆరుగురు.

"వీడే సార్!" అంది మాస్టారి చెల్లెలు ఇన్‌స్పెక్టర్‌తో. ఆమె నర్సు. చూపుడువేలు ఆ ఆరుగురిలో ఒకడైన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ వైపు ఉంది. "కెమెరా చప్పుడుకి పిట్టలు లేచిపోతున్నాయని అన్నయ్య నిన్న నాలుగు చీవాట్లు పెడితే, మీ సంగతి చూస్తానన్నాడు."

"కోపంలో నోరు జారానక్కా."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు. "మాస్టారిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆరు నలభైకి. మాకు అరవై అడుగులు ముందున్నాడు. చెయ్యెత్తి, దుబ్బుల వెనక కూర్చున్నాడు."

"మీరు?"

"ఆగిపోయాం. చెయ్యెత్తితే పిట్ట కనబడినట్టు. కదలకూడదు, మాట్లాడకూడదు. ఇరవై ఏళ్లుగా అదే పద్ధతి. అందరి కళ్లకీ బైనాక్యులర్సే. సందు చూసి వీడు జారుకున్నా ఎవరికి తెలుస్తుంది?"

"ఏ పిట్ట?"

"నాకు కనబడలేదు."

మిగతా నలుగురిదీ అదే మాట.

చెల్లెలు రాసిన పక్షుల జాబితా చూశాడు. 6:31. 6:34. 6:38. ఆపైన ఖాళీ. శవాన్ని చూసింది 6:54కి.

కెమెరా తెప్పించాడు. 6:40 ఫొటో. ఫోకస్ అంతా దూరపు నీటి మీద. మాస్టారు ఓ మూల మసగ్గా ఉన్నాడు. జూమ్ చేశాడు. కుడి చెయ్యి పైన. ఎడమ చెయ్యి ఛాతీని పిసికి పట్టుకుని ఉంది.

ఫొటోగ్రాఫర్‌ని పక్కకి పిలిచాడు. "అంతసేపూ కదలకుండా ఉన్నావా?"

"రెండు నిమిషాలకే వెళ్లి చూద్దామన్నాను. అక్క చొక్కా పట్టి లాగి, నోటి మీద వేలు పెట్టింది. అది మాత్రం రాయకండి సార్."

"నిన్ను హంతకుడంటోందయ్యా!"

"అననివ్వండి. పాపం, ఇంకెవర్ని అంటుంది?"

మధ్యాహ్నం మూడింటికి పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. స్టేషన్లో అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఎవరూ కొట్టలేదు. గుండెపోటు. పడ్డప్పుడు రాయి తగిలింది. పిట్ట ఉంటే ఆరుగురిలో ఒక్కరికైనా కనబడేది. ఆయన చెయ్యెత్తింది సాయం కోసం. మీరందరూ పిట్టని వెతికారు."

చెల్లెలు ఫొటో చేతిలోకి తీసుకుంది.

"పడ్డాక ఎంతసేపు ఉన్నాడు?"

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు మూసి పక్కన పెట్టాడు.

"నర్సుని సార్. దాచకండి."

"పది నిమిషాల దాకా అంటున్నాడు డాక్టరు."

ఆమె ఫొటోగ్రాఫర్ వైపు తిరిగింది. "వెళ్దామన్నావు కదరా. నేనే కదా ఆపాను?"

"ఎప్పుడక్కా? నేనూ పిట్టనే వెతుకుతున్నాను."

"అబద్ధాలాడకు."

ఎవరి మీద కేసు రాయాలి? ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత పెట్టాడు. ఆమెని కూర్చోమన్నాడు. ఆమె అప్పటికే కూర్చునే ఉంది.