కోరుకోను

స్విమ్మింగ్ పూల్‌లో శవం బోర్లా తేలుతోంది. కాలు జారి పడ్డట్టు కనిపించాలని హంతకులు చాలా జాగ్రత్త పడ్డారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తును మాత్రం మరిచిపోయారు.

"అనువాదకుడు," అన్నాడు పెద్దాయన, ఫొటోను ఇస్త్రీ బల్ల మీద పడేస్తూ. డ్రైక్లీనింగ్ షాపు వెనకగదే గూఢచారి డిపార్ట్‌మెంట్ ఆఫీసు. "అంతర్జాతీయ యువజన సమ్మేళనంలో పనిచేస్తున్నాడు. నిన్న లేపేశారు."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో అందరూ తాబేలు అంటారు. మనిషి నెమ్మది. ఆ పేరంటే అతనికి కోపం రావడం కూడా ఎప్పుడో మానేసింది.

"అనువాదకుణ్ణి చంపి ఎవరు బాగుపడతారు సార్?"

"గొడుగు ముఠా. ఆయుధాలు అమ్ముకునేవాళ్ళు. రేపు ముగింపు సభలో సరిహద్దుకు అటునుంచి ఒక పిల్ల, ఇటునుంచి ఒక కుర్రాడు మాట్లాడతారు. రెండు దేశాల్లోనూ టీవీలో లైవ్. వచ్చేవారం కాల్పుల విరమణ చర్చలు. ఆ పిల్ల అనేదొకటి, హెడ్‌ఫోన్స్‌లో వినబడేదొకటి అయితే?"

"సభ ఆపించేయొచ్చుగా?"

"ఆపితే చర్చలూ ఆగుతాయి. వాళ్ళకు అదీ లాభమే. నీకు ఆ రెండు భాషలూ వచ్చు. సౌండ్ టెక్నీషియన్‌గా వెళ్ళు. లోపల మన మనిషుంది. కోడ్ నేమ్ సంపెంగ. ముఠా దగ్గర జీతం, మన దగ్గర పని."

పెద్దాయన రెండు వస్తువులు ఇచ్చాడు. అనువాదాలన్నీ వినిపించే చెవి మిషన్ ఒకటి. మత్తుమందు చిమ్మే పెన్ను ఒకటి.

సమ్మేళనం హాలు నిండా రంగురంగుల బ్యానర్లు. 'మనమంతా ఒకటే' అని అన్ని భాషల్లోనూ రాసి ఉంది. వాటి కింద ఏ దేశం పిల్లలు ఆ దేశం వాళ్ళతోనే కూర్చుని తింటున్నారు. ఫొటోగ్రాఫర్ వచ్చినప్పుడు లేచి కలిసిపోయి నవ్వుతున్నారు. అతను వెళ్ళగానే ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోతున్నారు. తాబేలు వైర్లు చుడుతూ అదంతా చూశాడు.

"ఈ మైకు తడిసిందా?" అని వెనకనుంచి ఆడగొంతు వినిపించింది.

"తడిసింది, ఎండబెట్టాం."

కోడ్ సరిపోయింది. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫ్, చూసినవాడు మళ్ళీ చూసే ముఖం. అనువాదకుల విభాగానికి ఆమే హెడ్.

"చచ్చినవాడి సీట్లోకి ఒక బట్టతలాయన్ని తెచ్చారు," అంది సంపెంగ మెల్లగా. "ముఠా మనిషి. సభకు ముందే పడుకోబెట్టు." తరవాత బ్యానర్ల వైపు చూసి నవ్వింది. "వీళ్ళు మారతారని నువ్వు నమ్ముతున్నావా?"

"లేదు," అన్నాడు తాబేలు. అది అబద్ధం కాదు.

బట్టతలాయన్ని స్టోర్‌రూమ్‌లో పడుకోబెట్టడానికి పెన్ను ఒక్కసారి నొక్కితే సరిపోయింది.

సభకు కాస్త ముందు ఆ పిల్ల మైక్ టెస్టింగ్‌కు వచ్చింది. మైకును రెండుసార్లు తట్టి చూసింది.

"అంకుల్, నా గొంతు వెనకదాకా వినబడుతుందా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"వినబడుతుందమ్మా." అలవాటు కొద్దీ ఆమె భాషలోనే అన్నాడు. ఆమె తెల్లబోయింది. తరవాత ప్రాణం లేచొచ్చినట్టు దగ్గరికి వచ్చింది.

"చివరి మాట ఒక్కటి వింటారా? 'నా అన్న మీ తూటాకు పోయాడు. క్షమించడం నాకింకా చేతకావడం లేదు. కానీ నీ అన్న నా అన్నలా పోవాలని కోరుకోను.' ఆ అబ్బాయి వాళ్ళన్న సైన్యంలో ఉన్నాడు. బాగానే ఉందా?"

"అలాగే చెప్పు," అన్నాడు తాబేలు.

సభ మొదలైంది. పిల్ల తడబడకుండా మాట్లాడింది. చివరి మాటా చెప్పింది. తాబేలు చెవి మిషన్‌లో ఆ మాట కుర్రాడి భాషలో వినిపించింది.

"మిమ్మల్ని ఎన్నటికీ క్షమించను. నీ అన్న కూడా నా అన్నలాగే పోవాలని కోరుకుంటున్నాను."

ఆ గొంతు సంపెంగది.

బట్టతలాయన్ని పడుకోబెట్టి, ఆ కుర్చీని ఆమె కోసం ఖాళీ చేసిపెట్టింది తనేనని అతనికప్పుడు అర్థమైంది.

హాల్లో కుర్చీలు దొర్లాయి. కుర్రాడు హెడ్‌ఫోన్స్ విసిరికొట్టి పిల్ల వైపు నడుస్తున్నాడు, వెనక వాళ్ళ దేశం వాళ్ళంతా. తానేం తప్పన్నదో తెలియక పిల్ల అక్కడే నిలబడిపోయింది. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి.

తాబేలు జీవితంలో మొదటిసారి మెట్లు పరుగున ఎక్కాడు. అద్దాల బూత్ తలుపు తోసి, స్విచ్ తిప్పి, కుర్రాడి భాష లైనును హాలు స్పీకర్లన్నిటికీ కలిపాడు. మైక్ లాక్కున్నాడు.

బల్ల కిందనుంచి సైలెన్సర్ బిగించిన పిస్తోలు దగ్గినట్టయింది. కడుపులో నిప్పు పడింది.

"నువ్వూ నమ్మనన్నావుగా," అంది సంపెంగ గుసగుసగా.

అతను ఒక చేత్తో కడుపును అదుముకున్నాడు. మైకు ముందు గొంతు వణకకూడదు.

"అనువాదంలో తప్పు దొర్లింది," అన్నాడు నింపాదిగా. "ఆ అమ్మాయి అన్నమాట ఇది. క్షమించడం నాకింకా చేతకావడం లేదు. కానీ నీ అన్న నా అన్నలా పోవాలని కోరుకోను. కోరుకోను అంది. నేను విన్నాను."

కుర్రాడి పిడికిలి పిల్ల ముఖానికి జానెడు దూరంలో ఆగింది. చాలాసేపు అలాగే ఉండి, కిందికి దిగింది. తరవాత ఎవరి బస్సు వాళ్ళెక్కారు.

రెండు వారాలకు తాబేలు ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి పెద్దాయన మంచం పక్కన కూర్చుని ఉన్నాడు.

"సంపెంగ?"

"దౌత్య పాస్‌పోర్టుంది. దర్జాగా విమానమెక్కింది."

"చర్చలు?"

"మొదలయ్యాయి. రెండో రోజే చెడ్డాయి. నిన్న మళ్ళీ కాల్పులు." పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సమ్మేళనం కూడా ఇంక ఉండదట. భద్రతా కారణాలు."

"ఆ కుర్రాడి అన్న?"

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. "నిన్న పోయినవాళ్ళలో ఉన్నాడు."

"మన గురించి పైవాళ్ళు ఏమైనా అన్నారా సార్?" అన్నాడు తాబేలు.

"అన్నారు. కొత్త అనువాదకుడికి యాస కాస్త ఎక్కువైందట."