తాతయ్య గొంతు పలకని ఫైలు

“టీవీలో మా తాతయ్య నోరు కదుపుతున్నాడు గానీ మాట రావట్లేదు,” అంది పళ్ళ డాక్టరు, ల్యాప్‌టాప్ పట్టుకుని మేడ మీది గది గుమ్మంలో నిలబడి.

ఆ గదిలో అద్దెకుంటూ పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకునే కుర్రాడు తల తిప్పాడు.

“అమ్మమ్మ గారు ఎదురుగా కూర్చున్నారా?”

“కూర్చుంది. ఏం?”

“అలవాటు కొద్దీ ఆయన మాట ఆగిపోయి ఉంటుంది.”

నవ్వు రాబోతే పెదవి బిగపట్టిందామె. తాతయ్య పోయి ఏడాదైంది. ఆయన రిటైరైన రోజు మాట్లాడిన పది నిమిషాల వీడియో మొన్ననే కంప్యూటర్లో దొరికింది. వైఫై మీద టీవీకి పంపితే బొమ్మ వస్తోంది, గొంతు రావడం లేదు. ఆ గొంతు కోసమే అమ్మమ్మ కాచుకుని కూర్చుంది.

“ఇది ఎంకేవీ ఫైలు. ఇందులో ఉన్న ఆడియో మీ టీవీకి అర్థం కాదు. ఎంపీ4 చేయాలి.”

“అది నాకూ తెలుసు. పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని పెట్టాను కూడా.”

“పుచ్చిన పన్ను మీద ‘మంచి పన్ను’ అని రాసి పంపిస్తారా డాక్టరు గారూ?”

ఆమె మొహం ఎర్రబడింది. “వెటకారం చాలు. మార్చివ్వండి.”

అతను ఫైలు కాపీ చేసుకున్నాడు. అరగంట పని. దాన్ని అతను వారం సాగదీశాడు. ఒకరోజు ఏవీఐ ఫార్మాట్ అన్నాడు, ఇంకోరోజు ఎంఓవీ అన్నాడు. ఆమె రోజూ మెట్లెక్కి వచ్చి పోట్లాడి వెళ్ళేది. నిజానికి ఎంపీ4 ఫైలు మొదటి సాయంత్రమే సిద్ధమైంది. కానీ అది ఇచ్చేస్తే ఆమెకి మళ్ళీ పైకి రావాల్సిన పనేముంది? అతని బెంగంతా అదే.

ఏడో రోజు కిందికి దిగుతూ, కిటికీలోంచి టీవీ ముందు ఒక్కతే కూర్చున్న అమ్మమ్మని చూశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. వెనక్కి వెళ్ళి తన ల్యాప్‌టాప్ తెచ్చి తలుపు తట్టాడు. తలుపు తీసింది డాక్టరే. ఆమెని దాటుకుని నేరుగా అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మమ్మ గారూ, తప్పు నాది. ఫైలు ఎప్పుడో తయారైంది. మీ మనవరాలు ఇక పైకి రాదేమోనని దాచుకున్నాను.”

“ఏ ఫైలు నాయనా? నాలుగు రోజుల్నుంచీ ఆయన మాటలు వింటూనే ఉన్నానుగా. క్లినిక్‌లో ఎవరినో అడిగి మా మనవరాలే మార్చుకొచ్చింది.”

అతను వెనక్కి తిరిగాడు. “మరి నిన్న కూడా వచ్చి శబ్దం రావట్లేదన్నారు?”

“అన్నాను,” అంది డాక్టరు గోడకేసి చూస్తూ. “ఇంకేం ఫార్మాట్ పేరు చెప్తారో విందామని. అసలు ఎన్నున్నాయి?”

“లాగితే ఇంకో రెండు నెలలు వస్తాయి.”

అమ్మమ్మ రిమోట్ తీసి టీవీ కట్టేసింది. “ఆయన చెప్పేదంతా నాకు కంఠతా వచ్చేసింది. ఫార్మాట్లు పక్కనపెట్టి, మీ సంగతేదో మీరు తేల్చుకోండి.”

ఆవిడ లేచి వెళ్తుందేమోనని ఇద్దరూ చూశారు. ఆవిడ కదల్లేదు.

“నాకు మీరంటే ఇష్టం,” అన్నాడతను. వారం రోజుల్లో అతను ఆమెతో సూటిగా చెప్పిన మాట అదొక్కటే.

డాక్టరు అతని చేతిలోని ల్యాప్‌టాప్ తీసుకుని బల్ల మీద పెట్టింది.

“రేపు కూడా పైకి వస్తాను,” అంది. “ఊరికే.”